బిడ్డ చదువుకు ట్యాబా, ల్యాప్‌టాపా?

(మచిలీపట్నంలో పదో తరగతి, ఇంటర్మీడియట్ విద్యార్థుల తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



హక్కుల గురించి మాట్లాడవలసిన వేదిక మీద ల్యాప్‌టాప్ కొనుగోలు ప్రస్తావన ఎందుకని కొందరికి అనిపించవచ్చును. మేము కొన్నేళ్లుగా బందరు, గుడివాడ, దివిసీమ ప్రాంతాలలో మన పిల్లల స్కాలర్‌షిప్ దరఖాస్తులకు తోడుగా నిలుస్తున్నాము. బడులు తెరిచే రోజులు వచ్చేసరికి ప్రతి పేటలోనూ మమ్మల్ని అడిగే మాట ఒక్కటే: "భాయ్, పిల్లకు ట్యాబ్ కొనమంటారా, ల్యాప్‌టాప్ కొనమంటారా?" అడిగేవారు రోల్డ్‌గోల్డ్ నగల పనివారు, పెడన అద్దకం కార్మికులు, చెరువుల మీద కాపలా ఉండేవారు, కుట్టుమిషను మీద ఇల్లు నడిపే తల్లులు. వారికి ఆ సొమ్ము రెండు మూడు నెలల కష్టం. తప్పు వస్తువు కొంటే మళ్లీ కొనే శక్తి ఉండదు. కనుక దీనికి తొందరపడి జవాబు చెప్పరాదు.

దివిసీమలో, నాగాయలంక వైపు గ్రామంలో మేము చూసిన సంగతి ముందుగా మనవి చేస్తాము. ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్న ఒక అమ్మాయి దగ్గర ఎనిమిదో తరగతిలో బడిలో ఇచ్చిన ట్యాబ్ ఉన్నది. అది ఇంకా పనిచేస్తూనే ఉన్నది. ఆ పిల్ల దానిమీదనే స్కాలర్‌షిప్ దరఖాస్తు నింపబోయింది. పేజీ తెరకు సరిపోక సగం గడులు కనిపించలేదు. ఆదాయ ధ్రువపత్రాన్ని ఫొటో తీస్తే ఫైలు పరిమాణం ఎక్కువైనదని వెబ్‌సైటు తిప్పికొట్టింది. చివరకు తండ్రి ఒక రోజు కూలి వదులుకొని బిడ్డను పట్నంలోని ఒక ఇంటర్నెట్ సెంటరుకు తీసుకొనిపోయాడు. అక్కడి కుర్రవాడు పదో తరగతి మార్కుల పత్రంలో ఒక విధంగా ఉన్న "షేక్" అనే మాటను ఇంగ్లీషులో మరొక విధంగా కొట్టి పంపివేశాడు. పరిశీలనలో పేరు కలవలేదు. సవరించుకొమ్మని వచ్చిన సందేశం సెంటరువాడి ఫోనుకు వెళ్లింది. గడువు దాటిపోయింది. ఆ సంవత్సరపు సాయం ఆ పిల్లకు దక్కలేదు.

మేము వెళ్లినప్పుడు ఆ అమ్మాయి అన్న మాట మమ్మల్ని ఆలోచనలో పడవేసింది. "ట్యాబ్‌లో చూసుకోవడానికి అన్నీ ఉన్నాయి అన్నా, రాసుకోవడానికే వీలు లేదు" అన్నది. ఈనాటి మా ప్రసంగమంతా ఆ ఒక్క మాటకు వివరణయే.

మన పేరు, మన కాగితం

మన సముదాయంలో పేరు అక్షరాల సమస్య చిన్నది కాదు. షేక్ అనే మాటను ఇంగ్లీషులో మూడు నాలుగు విధాలుగా రాస్తారు. మొహమ్మద్‌ను ఒకచోట పూర్తిగా, ఒకచోట రెండక్షరాలుగా రాస్తారు. ఆధార్‌లో ఇంటిపేరు చివర, మార్కుల పత్రంలో మొదట ఉంటుంది. బీసీ-ఈ, బీసీ-బీ ధ్రువపత్రాలు, ఆదాయ పత్రం, బ్యాంకు ఖాతా, జ్ఞానభూమి, జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్, వీటన్నిటిలో పేరు ఒకే తీరుగా ఉండాలి. ఈ పనిని మనం ఎవరో ఒక అపరిచితుని చేతిలో పెట్టి, ప్రతి పేజీకి రుసుము చెల్లించి, వాడి పొరపాటుకు మన బిడ్డ చదువును పణంగా పెడుతున్నాము. పదహారేళ్ల పిల్ల తన పేరును తానే టైపు చేసుకోగలిగితే, కాగితాన్ని తానే స్కాన్ చేసి, పరిమాణం తగ్గించి, ఎక్కించగలిగితే, ఆ సామర్థ్యం ఆమె ఒక్కదానితో ఆగదు. ఆ వీధిలోని పది కుటుంబాలకు అక్కరకు వస్తుంది.

పరీక్షల సంగతి కూడా ఇంతే. ఏపీ ఈఏపీసెట్ కంప్యూటరు మీదనే జరుగుతున్నది. జేఈఈ మెయిన్ 2019 నుండి కంప్యూటరు మీదికి మారినది. ఆ పరీక్షను తెలుగులోను, ఉర్దూలోను కూడా రాసే వీలున్నది. కాని ప్రశ్న మన భాషలో ఉన్నా, మౌస్ పట్టుకోవడం పరీక్ష నాడే మొదటిసారి అయితే ఆ పిల్ల ఎంత సమయం కోల్పోతుందో ఆలోచించండి. ఇరవై ఏళ్లు దాటిన ముస్లింలలో డిగ్రీ లేక డిప్లొమా ఉన్నవారు నూటికి నలుగురికన్నా తక్కువేనని 2006లో సచార్ కమిటీ నివేదిక చెప్పినది. ఆ రోజుల్లో కాలేజీ గుమ్మం దూరమే అడ్డంకి. ఇప్పుడు ఆ గుమ్మానికి ముందు కంప్యూటరు అనే మరొక గుమ్మం వెలిసింది.

ప్రభుత్వం ఇచ్చినది, ఇస్తానన్నది

మన రాష్ట్ర అనుభవాన్ని గుర్తు చేసుకుందాము. 2021 జనవరి 11న నెల్లూరులో అమ్మ ఒడి రెండో విడత సభలో, తొమ్మిది నుండి ఇంటర్ వరకు చదివే పిల్లలు కోరుకుంటే నగదుకు బదులు ల్యాప్‌టాప్ ఇస్తామని అప్పటి ముఖ్యమంత్రి ప్రకటించారు. ఎన్నో ఇళ్లలో ఆశ పుట్టింది. తరువాత ఆ మాట వెనుకబడి, ట్యాబ్ ముందుకు వచ్చింది. 2022 డిసెంబరు 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో పంపిణీ మొదలై, సుమారు నాలుగు లక్షల అరవై వేల మంది ఎనిమిదో తరగతి పిల్లలకు, దాదాపు యాభై తొమ్మిది వేల మంది ఉపాధ్యాయులకు ట్యాబ్‌లు అందినవి. వాటిలో బైజూస్ సంస్థ పాఠాలు ముందే నింపి ఇచ్చారు. మరుసటి ఏడాది అదే తేదీన చింతపల్లిలో రెండో విడత మొదలైనది. ఆ తరువాత 2024లో ఆ పాఠాల సంస్థ దివాలా ప్రక్రియలోకి వెళ్లినది.

ట్యాబ్ ఇచ్చినందుకు మేము నిందించడం లేదు. నెట్ సిగ్నల్ అందని లంక గ్రామాలలో సైతం గణితం పాఠం వినే అవకాశం పిల్లలకు కలిగింది. కాని పదిహేనేళ్ల బిడ్డకు కావలసినది వినడం ఒక్కటే కాదు. పక్కనే ఉన్న తమిళనాడు 2011 సెప్టెంబరులోనే ప్రభుత్వ, ఎయిడెడ్ విద్యాసంస్థల పిల్లలకు ఉచిత ల్యాప్‌టాప్‌ల పథకం ప్రారంభించినది. అదే సంవత్సరం అక్టోబరులో కేంద్రం ఆకాశ్ ట్యాబ్‌ను విడుదల చేసినది. ఆ తొలి ట్యాబ్‌లను మన హైదరాబాదులోనే కూర్చారు. ప్రపంచంలోనే చౌక అన్నారు. నెమ్మదిగా నడిచే ఆ యంత్రం పిల్లల చదువులో చోటు సంపాదించుకోలేకపోయింది. చౌక ఒక్కటే చూసుకుంటే ఏమి జరుగుతుందో అది చెప్పిన పాఠం.

ట్యాబ్ ఎక్కడ చాలు, ఎక్కడ చాలదు

న్యాయంగా మాట్లాడుకోవాలి. ట్యాబ్ తేలిక. ఛార్జి ఎక్కువసేపు నిలుస్తుంది. సిమ్ వేసుకోవచ్చును. కరెంటు పోయినా చిన్న పవర్‌బ్యాంకుతో నడుస్తుంది. ఏడో తరగతి లోపు పిల్లలకు, పుస్తకాలు చదువుకోవడానికి, పాఠాలు వినడానికి ట్యాబ్ చాలును. ఆ వయసు పిల్లల కోసం ల్యాప్‌టాప్ కొనవద్దనే మేము చెబుతున్నాము.

తొమ్మిదో తరగతి దాటితే పని స్వభావం మారుతుంది. ప్రాజెక్టు రిపోర్టు రాయాలి, పట్టికలు వేయాలి, పైథాన్ వంటి భాషలో ప్రోగ్రాం రాసి చూడాలి, ఒక కిటికీలో పాఠం పెట్టుకొని మరొక కిటికీలో నోట్సు రాసుకోవాలి. ట్యాబ్‌కు విడిగా కీబోర్డు కొనవచ్చును గదా అని అడుగుతారు. కొనవచ్చును. కాని లోపలిది ఫోను తరహా వ్యవస్థయే. పూర్తి స్థాయి ప్రోగ్రాములు దానిమీద నడవవు. రెండింటి ఖర్చు కలిపితే పాత ల్యాప్‌టాప్ ధరకు దగ్గరవుతుంది.

తాకే తెర ఎందుకు?

అయితే మామూలు ల్యాప్‌టాప్ చాలదా, తాకే తెర ఎందుకు అన్నది రెండో ప్రశ్న. మా అనుభవంలో మూడు కారణాలు కనిపించినవి.

మొదటిది భాష. బజారులో దొరికే కీబోర్డుల మీద ఇంగ్లీషు అక్షరాలే అచ్చువేసి ఉంటాయి. తెలుగు, ఉర్దూ టైపు చేయాలంటే ఏ మీట కింద ఏ అక్షరం ఉన్నదో కంఠస్థం చేయాలి. తాకే తెర ఉంటే తెరమీదనే తెలుగు లేక ఉర్దూ కీబోర్డు తెరుచుకొని, కళ్లకు కనిపించే అక్షరాన్ని తాకవచ్చును. నేర్చుకునే కొద్దీ చేయి మీటల మీదికి అదే పోతుంది. మదర్సాలో ఉర్దూ చదివి, బడిలో తెలుగు చదివే పిల్లలకు ఇది పెద్ద వెసులుబాటు.

రెండోది గణితం, విజ్ఞానశాస్త్రం. సమీకరణాన్ని, పటాన్ని మీటలతో కొట్టడం కష్టం. స్టైలస్‌తో తెరమీద గీయవచ్చును. తెర వెనుకకు మడిచే రకమైతే పలక మాదిరిగా ఒళ్లో పెట్టుకొని రాసుకోవచ్చును.

మూడోది ఇంట్లోని తల్లి. ఆమెకు ఫోను వాడకం తెలుసు, మౌస్ తెలియదు. తాకే తెర ఉంటే ఆమె కూడా ధైర్యంగా దగ్గరకు వస్తుంది. గుడివాడలో ఒక తల్లి కూతురి ల్యాప్‌టాప్ మీద తన కుట్టుపని లెక్కలు రాసుకోవడం మేము చూశాము.

ఇన్ని చెప్పినా ఒక మాట దాచము. తాకే తెర ఉంటే ధర పెరుగుతుంది, బరువు కాస్త పెరుగుతుంది, అద్దం పగిలితే మార్పించే ఖర్చు ఎక్కువ. డబ్బు సరిపోని పక్షంలో తాకే తెరను వదులుకోండి. ర్యామ్‌ను, ఎస్‌ఎస్‌డీని మాత్రం వదులుకోకండి.

ఈ మాట మేము తప్పు చేసి నేర్చుకున్నాము. గుడివాడలో ఒక కుటుంబానికి తాకే తెర ఉన్నదన్న సంతోషంలో నాలుగు జీబీ ర్యామ్, అరవై నాలుగు జీబీ నిల్వ ఉన్న కొత్త యంత్రాన్ని కొనిపించాము. విండోస్ 11 నడవడానికి కావలసిన కనీస కొలతలు సరిగ్గా అంతే. ఆ నిల్వలో అధికభాగం విండోస్‌కే సరిపోయింది. కొన్ని నెలలకు అప్‌డేట్లకు చోటు చాలక ఆగిపోయినది. లోపలి నిల్వ బోర్డుకు అతికించి ఉన్నందున పెంచే దారి లేకపోయింది. ఆ అబ్బాయి మమ్మల్ని ఏమీ అనలేదు. అనకపోవడమే మాకు ఎక్కువ బాధ కలిగించింది.

కొనేటప్పుడు చూడవలసినవి

కాబట్టి ఇప్పుడు మేము ఈ క్రమంలో చూస్తున్నాము. ర్యామ్ ఎనిమిది జీబీ. ఎస్‌ఎస్‌డీ రెండువందల యాభై ఆరు జీబీ. అలసట లేకుండా టైపు చేయగల కీబోర్డు. కనీసం అయిదారు గంటలు నిలిచే బ్యాటరీ. ఆ తరువాత తాకే తెర. పదకొండున్నర అంగుళాల నుండి పద్నాలుగు అంగుళాల తెర విద్యార్థికి సరిపోతుంది.

క్రోమ్‌బుక్ అనే రకం కూడా ఉన్నది. తాకే తెరతో తక్కువ ధరలో దొరికేవాటిలో ఇవి ముఖ్యం. వీటికి నాలుగు జీబీ ర్యామ్‌తోనే పని సాగుతుంది. 2021 తరువాత వచ్చిన క్రోమ్‌బుక్‌లకు పదేళ్లపాటు అప్‌డేట్లు ఇస్తామని గూగుల్ ప్రకటించినది. కాని ఉర్దూ పుస్తకాల కూర్పుకు వాడే ఇన్‌పేజ్ వంటి విండోస్ ప్రోగ్రాములు వీటిమీద నడవవు. ఇంటర్నెట్ లేనప్పుడు కొన్ని పనులు ఆగుతాయి. మీ ఇంటి వద్ద సిగ్నల్ ఎట్లా ఉన్నదో చూసుకొని నిర్ణయించండి. 2023లో వచ్చిన జియోబుక్ పదహారు వేల అయిదు వందల లోపు ధరతో, సిమ్ సౌకర్యంతో వచ్చినది. దానికి తాకే తెర లేదు, లోపల విండోస్ లేదు. చౌక అని వినగానే ఈ రెండు ప్రశ్నలు వేయండి: తెర తాకవచ్చునా? లోపల ఏ వ్యవస్థ ఉన్నది?

మన కుటుంబాలకు అందుబాటులో ఉండే దారి, కంపెనీలు వాడి తీసివేసిన ల్యాప్‌టాప్‌లను బాగుచేసి అమ్మేవి. కార్యాలయాల కోసం తయారైనవి కనుక గట్టిగా ఉంటాయి. కాని ఇక్కడే మోసానికీ తావున్నది. విండోస్ 10కు భద్రతా అప్‌డేట్లతో కూడిన మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది. విండోస్ 11 కావాలంటే ఇంటెల్ ప్రాసెసర్ దాదాపుగా ఎనిమిదో తరం, ఆపైది అయి ఉండాలి. ఆరో తరం, ఏడో తరం యంత్రాలను అందుకే ఇప్పుడు చవకగా వదిలించుకుంటున్నారు. తరం ఏదో బిల్లు మీద రాయించుకోండి. పాతదే కొనవలసి వస్తే లైనక్స్ వేయించుకోండి. లిబ్రె ఆఫీసు ఉచితంగా దొరుకుతుంది. తెలుగునాట స్వేచ్ఛ వంటి సంస్థలు ఈ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం ఏళ్లుగా పనిచేస్తున్నాయి.

దుకాణంలో నిలబడి పది నిమిషాలు పరీక్షించండి. బొమ్మలు గీసే ప్రోగ్రాం తెరిచి, ఒక మూల నుండి ఇంకొక మూలకు వేలితో నెమ్మదిగా గీత గీయండి. గీత ఎక్కడైనా తెగితే అక్కడ తెర చచ్చిపోయిందని అర్థం. నోట్‌ప్యాడ్‌లో ప్రతి మీటనూ నొక్కండి. కెమెరా, మైకు చూడండి. బ్యాటరీ నివేదిక తీయించి, తయారైనప్పటి సామర్థ్యంలో ఇప్పుడెంత మిగిలినదో చూడండి. పాత కంపెనీ లేక పాత బడి ఖాతాతో తాళం పడి ఉన్నదేమో అడగండి. అటువంటి యంత్రం ఒకరోజు హఠాత్తుగా పాస్‌వర్డ్ అడిగి మొండికేస్తుంది. బిల్లు, వారంటీ లేనిదే సొమ్ము ఇవ్వకండి.

సముద్రం పక్కన ఉన్నామని మరువరాదు. బందరు, కోడూరు, నాగాయలంక గాలిలో ఉప్పు, తేమ ఎక్కువ. కిటికీ పక్కన తెరిచి ఉంచితే లోపలి లోహపు భాగాలు తుప్పు పడతాయి. పని కాగానే మూసి సంచిలో పెట్టడం అలవాటు చేయండి. పిడుగులు పడుతున్నప్పుడు ఛార్జరు తీసివేయండి. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను చూసిన పెద్దలు ఈ సభలో ఉన్నారు. ప్రాణాలు, ఇళ్లు, వాటితోపాటు కాగితాలు కొట్టుకుపోయిన రోజు అది. ల్యాప్‌టాప్ ఇంటికి వచ్చిన మొదటి వారంలోనే కుటుంబంలోని ప్రతి పత్రాన్నీ స్కాన్ చేయించి, డిజిలాకర్‌లో దొరికేవాటిని అందులో చేర్చి, మిగిలినవాటిని మరొక చోట కూడా భద్రపరచండి. ఆ పని బిడ్డ చేతనే చేయించండి. ఆమెకు అదే తొలి పాఠం.

సొమ్ము ఎక్కడినుండి?

వాయిదాలలో కొనమని దుకాణాలు ఒత్తిడి చేస్తాయి. వడ్డీ మనకు నిషిద్ధమన్న సంగతి అటుంచి, వడ్డీ లేని వాయిదా అని చెప్పేచోట కూడా ప్రాసెసింగ్ రుసుము ఎంతో, నగదు తగ్గింపు ఎంత వదులుకుంటున్నారో లెక్క వేసుకోండి. అంతకన్నా మంచి మార్గం మన చేతిలోనే ఉన్నది. మస్జిద్ కమిటీలు, జమాత్‌లు ఖర్జె హసనా నిధి ఏర్పరచి, నెలకు వెయ్యి రూపాయల చొప్పున తిరిగి కట్టించుకోవచ్చును. నిరుపేద విద్యార్థికి జకాత్ సొమ్ముతో చదువు పరికరం ఇచ్చే విషయమై మీ ఉలమాలను సంప్రదించండి. పది కుటుంబాలు కలిసి ఒకేచోట కొంటే దుకాణదారు ధరలోను, వారంటీలోను దిగివస్తాడు.

సొంతంగా కొనలేని ఇళ్ల కోసం ప్రతి పేటలో ఒక గది, రెండు మూడు ల్యాప్‌టాప్‌లు, ఆడపిల్లలకు ప్రత్యేక సమయం ఏర్పాటు చేయడం అసాధ్యం కాదు. పెళ్లి విందులో ఒక వంటకం తగ్గిస్తే ఒక యంత్రం వస్తుంది.

ఇక ఇంటి సంగతి. చాలా ఇళ్లలో మేము చూస్తున్నది చెబుతాము. కూతురి చదువుకని కొన్న యంత్రం నెల తిరగకుండా కొడుకు గదిలోకి చేరుతున్నది. కూతురు రాత్రి పదకొండు తరువాత, అందరూ పడుకున్నాక, దానిని అడిగి తెచ్చుకుంటున్నది. ఇది అన్యాయం. ఎవరి పేరున కొన్నారో బిల్లు మీద వారి పేరే రాయించండి. ఎవరికి ఏ గంటలో గోడమీద కాగితం అంటించండి. భద్రత కోసం నడిమి గదిలో పెట్టండి. కాపలా పేరుతో ఆడపిల్ల చేతినుండి మాత్రం తీసివేయకండి.

మనం అడగవలసినవి

ఇల్లు చేయవలసినది ఇల్లు చేయాలి, ప్రభుత్వం చేయవలసినది ప్రభుత్వం చేయాలి. ఇకముందు ఏ పథకం కింద పరికరం ఇచ్చినా తొమ్మిదో తరగతి దాటినవారికి ట్యాబ్, ల్యాప్‌టాప్‌లలో ఎంచుకునే హక్కు ఇవ్వాలని అడుగుదాము. బడులలోని కంప్యూటరు గదులను సాయంత్రం రెండు గంటలు తెరిచి ఉంచాలని అడుగుదాము. తెలుగు, ఉర్దూ టైపింగు నేర్పాలని అడుగుదాము. దరఖాస్తుల కాలంలో సచివాలయాలలో పేరు అక్షరాలను సరిచూసే సహాయకుడిని నియమించాలని అడుగుదాము. పంచిన ట్యాబ్‌లలో ఎన్ని పనిచేస్తున్నవో, మరమ్మతుకు ఏ ఏర్పాటు ఉన్నదో, పది రూపాయల రుసుముతో సమాచార హక్కు చట్టం కింద ఎవరైనా అడగవచ్చును. మేము ఆ దరఖాస్తు నమూనా తెచ్చాము. సభ ముగిశాక తీసుకొనిపోండి.

కలంకారీకి పేరుగాంచిన ఊరు మనది. ఆ పేరులోనే కలం ఉన్నది. మన తాతల కాలంలో ఇక్కడి రేవునుండి పర్షియాకు వస్త్రాలు వెళ్లినప్పుడు లెక్కలు రాసిన చేతులు ఉన్నాయి, బేరాల పత్రాలు రాసిన చేతులు ఉన్నాయి. ఈనాటి బిడ్డకు కీబోర్డు కూడా ఒక కలమే. దానిని ఇవ్వగలిగినవారు ఇవ్వండి. ఇవ్వలేనివారికి ఇప్పించే బాధ్యత మనందరిది.

నాగాయలంక అమ్మాయి సంగతి మీరు అడుగుతారని తెలుసు. ఊరివారు కొందరు, మేము కొందరం కలిసి ఖర్జె హసనా కింద ఆమెకు ఒక పాత తాకే తెర ల్యాప్‌టాప్ సమకూర్చాము. వచ్చే సంవత్సరపు దరఖాస్తుకు ఇప్పటినుండే ఆధార్‌లోని పేరును మార్కుల పత్రంతో సరిచేయించుకున్నది. పక్కింటి ఇద్దరు పిల్లల కాగితాలు కూడా ఆమె స్కాన్ చేసి పెట్టిందని మొన్న తండ్రి ఫోను చేసి చెప్పాడు. ఆ నెల వాయిదా వెయ్యి రూపాయలు కూడా అందినవి.